అదురు తెలిసిన చెయ్యి

ఆదోనిలో ఎలివేటరు అంటే మనుషులు ఎక్కే లిఫ్టు కాదు. పత్తిగింజల నూనె మిల్లులో, కింద గుంతలో పోసిన గింజలను పై అంతస్తులో ఉన్న నూనె తీసే మిషన్‌కు ఎత్తిపోసేదాన్ని ఎలివేటరు అంటారు. నిలువుగా ఒక రేకు గొట్టం, దాని లోపల పొడుగాటి బెల్టు, ఆ బెల్టుకు వరుసగా బిగించిన ఇనుప డబ్బాలు. డబ్బాలు గుంతలో గింజలు ముంచుకుని పైకి పోతాయి, పైన ఒంపేసి బోర్లా దిగి వస్తాయి. దాని సద్దు ఎట్లాంటిదంటే, మిల్లు పక్క ఇళ్లలో పెళ్లిచూపులు ఆదివారం పెట్టుకునేవాళ్లు. ఆ రోజు మిల్లుకు సెలవు.

ఆ సద్దును తీసేసినవాడు మా గోనెగండ్ల అక్బర్.

నా పేరు రంగన్న. నాది గోనెగండ్ల బడిలో పలక మీద నేర్చిన చదువు. ఆదోని మిల్లులో హమాలీల పెద్దగా ఉండి దిగిపోయాను. అక్బర్ నాయన బడే సాబ్, నేను ఒకే బండి మీద పత్తి తోలినవాళ్లం. అందుకని అక్బర్ గొప్ప నేను చెబితే చెల్లుతుంది. నూనె గొట్టంలో ఎంత నూనె పోతున్నదో, గొట్టం అదురును బట్టి చెప్పే మీటరు చేసినవాడు అక్బర్. కర్నూలు ఇంజనీరింగు కాలేజీ సార్లు కారు వేసుకుని వచ్చి, దాని ముందు మోకాళ్ల మీద కూర్చుని చూశారు. ఆదోనిలో ఒక ఆసుపత్రి లిఫ్టు, రోగులు ఎక్కాలంటే భయపడేటట్లు గర్జిస్తుంటే, దాని కింద రబ్బరు మెత్తలు వేసి, తీగలు సరిచేసి పిల్లిలాగా నడిపించాడు. సద్దు లేని ఎలివేటరు చేశాడు. రాయచూరు నుంచి, బళ్లారి నుంచి మిల్లుల వాళ్లు చూడటానికి వచ్చారు. మా మిల్లు ఓనరు తన గదిలో ఎదురు కుర్చీ జరిపి అక్బర్‌ను కూర్చోబెట్టాడు. మా ఊరి నుంచి పోయినవాళ్లలో ఆ గదిలో కూర్చున్నవాడు వాడొక్కడే. నేను ఇన్నేళ్లు చేసి నిలబడే మాట్లాడాను.

ఇవి వాడి ముందు చెబితే వాడు లేచి వెళ్లిపోతాడు. ఎందుకో తెలియాలంటే వాళ్లమ్మ మున్నీ బీ సంగతి చెప్పాలి.

బడే సాబ్ కామెర్లతో పోయినప్పుడు అక్బర్ చంకలో పిల్లవాడు. మున్నీ బీ గోనెగండ్ల విడిచి ఆదోనికి వచ్చింది. నేనే మిల్లులో చెప్పి పనికి పెట్టించాను. ఎలివేటరు అడుగున, గుంత దగ్గర పని. గింజలు సమంగా పడుతున్నాయా చూడాలి, పార పట్టి గుంతలోకి తోయాలి. గింజలు అడుగున బిగుసుకుంటే పైన స్విచ్చి దగ్గర ఉన్న మాదన్న మిషన్ ఆపుతాడు, ఆపి ఎర్రగుడ్డ ఊపుతాడు. అప్పుడు మున్నీ బీ అడుగున ఉన్న చిన్న తలుపు తీసి, చెయ్యి పెట్టి బిగుసుకున్న గింజలు లాగేస్తుంది. మళ్లీ తలుపు వేసి చెయ్యెత్తితే మాదన్న స్విచ్చి వేస్తాడు. మగవాళ్లు ఆ గుంత దగ్గర ఏడాది నిలవలేదు. ఆమె కొడుకు పెరిగి, చదివి, పెళ్లి చేసుకునేదాకా నిలిచింది. కొత్తగా వచ్చిన లారీ డ్రైవర్లు ఆమెను ‘ఎలివేటరమ్మా’ అని పిలిచేవాళ్లు. ఆమెకు ఆ పేరు ఇష్టం.

ఆ సద్దు ఆమె చెవులను తినేసింది. ఒక్క రోజులో కాదు. మొదట పిట్టల అరుపులు పోయాయి, తర్వాత వెనక నుంచి పిలిస్తే తిరగడం పోయింది. మనం గట్టిగా మాట్లాడాలి, ఎదురుగా నిలబడాలి. మిల్లులో దాని మీద ఎగతాళి కూడా ఉండేది.

“మున్నీ బీకి గుట్టు సెప్పల్లంటే ఎమ్మిగనూరు బస్టాండులో వాళ్లందరికీ సెప్పినట్టే,” అనేవాడు మాదన్న.

ఆమె పెదాలు చూసి మాట పట్టుకునేది. “నీ గుట్టు ఎవురికి గావాలప్పా? నీ పెండ్లామే ఇనదు,” అనేది. అందరూ నవ్వేవాళ్లు. మాదన్న అందరికంటే ఎక్కువ నవ్వేవాడు.

అక్బర్ ఐటీఐలో ఫిట్టరు చదివి, కొన్నాళ్లు ఎమ్మిగనూరులో లేతు షాపులో చేసి, మా మిల్లుకే ఫిట్టరుగా వచ్చాడు. అప్పటికి ఓనరుకు ఒక తలనొప్పి ఉండేది. మిషన్ నుంచి ట్యాంకుకు పోయే నూనె ఎంతో తెలిసేది కాదు. చక్రం తిరిగే మీటరు పెడితే మడ్డి పట్టి చక్రం ఆగిపోయేది. ఒక రోజు అక్బర్ ఆ గొట్టం దగ్గర మీటరు విప్పుకుని తల పట్టుకుని ఉంటే, మున్నీ బీ మధ్యాహ్నం గంజి తాగి అటుగా వస్తూ గొట్టం మీద అరచెయ్యి వేసిందట. వేసి, నూనె సన్నగా వస్తోంది, నడుమ గాలి కూడా ఉంది, అన్నది. అక్బర్ పైకి పోయి చూస్తే మాట నిజం. ఎట్లా తెలిసింది అని అడిగాడు.

“అదురు మారింది గదా నాయనా,” అన్నది ఆమె. “నిండా పోతే బరువుగా అదురుతాది. తక్కువ పోతే గిలక్కాయలాగా అదురుతాది. నీకు తెల్దా?”

చెవులు పోయేకొద్దీ ఆమె చేతికి అది వచ్చింది. తలుపు కొడితే ఆమెకు వినపడదు గాని, గోడకు చెయ్యి ఆనించి ఉంటే తెలిసేది. మనవరాలు హుస్నా పుట్టాక, ఆ పిల్ల మాటలు నేర్చి పద్యాలు చెబుతుంటే, మున్నీ బీ పిల్ల గొంతు కింద అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకునేది. ఆ పిల్ల ఎవరి ముందు మాట్లాడాలన్నా ముందు తలెత్తి గొంతు చూపించేది, అందరూ అట్లాగే వింటారనుకుని.

అమ్మ మాట పట్టుకుని అక్బర్ మీటరు చేశాడు. తోటకు నీళ్లు కట్టే రబ్బరు పైపును వంచి పట్టుకుని అటూ ఇటూ ఊపి చూడండి. ఊరికే ఊపితే ఊగుతుంది. లోపల నీళ్లు పోతుండగా ఊపితే మెలి తిరుగుతుంది. ఎక్కువ నీళ్లు పోతే ఎక్కువ మెలి. అంతే సూత్రం. గుర్రపు నాడా ఆకారంలో ఉక్కు గొట్టం వంచి, కాలింగు బెల్లులో ఉండే తీగ చుట్టతో దాన్ని అదిరించి, నాడా రెండు కాళ్ల అదురుకు నడుమ ఎంత తేడా వస్తున్నదో చూసి నూనె లెక్క తీశాడు. ఇట్లాంటి మీటర్లు లోకంలో ముందే ఉన్నాయని కాలేజీ సార్లే చెప్పారు. అయితే వాటి వెల మా మిల్లులు మోయలేవు, మా మడ్డిని అవి మోయలేవు. అక్బర్ మీటరు మడ్డి నూనెలో కూడా పనిచేసింది. అంకెలు చూపించే బోర్డు కాలేజీ వాళ్లే చేసి ఇచ్చారు. కర్నూలు ప్రదర్శనలో బహుమతి వచ్చింది. వేదిక మీద వాడు రెండే మాటలు మాట్లాడాడు. ఇది మా అమ్మ చెయ్యి, అన్నాడు. అంతే అని కూర్చున్నాడు. నేను ముందు వరుసలో ఉన్నాను. నా పక్కవాళ్లందరికీ, ఆ పిల్లవాడు మా గోనెగండ్ల వాడని చెప్పాను.

ఆ కర్నూలులోనే మున్నీ బీ చెవులు చూపించారు. ఎడమ చెవి పోయిందని, కుడి చెవిలో కొంచెం మిగిలిందని డాక్టరు చెప్పాడు. పోయింది రాదు, మిగిలింది ఉండాలంటే సద్దుకు దూరంగా పెట్టండి, లేకపోతే ఏడాదికో రెండేళ్లకో ఏమీ వినపడదు అన్నాడు.

ఆ మిగిలిన కొంచెం కోసమే అక్బర్ ఆ తర్వాత చేసిందంతా.

మొదట ఆమెను పని మానమన్నాడు. కోడలు అఫ్సానా బతిమాలింది. నన్ను పిలిపించారు. నేను పోయి, బూబమ్మా, కొడుకు సంపాదిస్తున్నాడు, ఇంకేం కావాలి, కూర్చో అన్నాను. ఆమె చాట పక్కన పెట్టి నా మొహం చూసింది.

“ఇంట్లో కూసుంటే సెవిటి ముసల్దాన్ని రంగన్నా,” అన్నది. “ఆడ నిలబడితే మున్నీ బీని.”

గడపలో నిలబడ్డ అక్బర్ లోపలికి వచ్చాడు. తర్వాత అమ్మకు ఎదురుగా కూర్చుని, పెదాలు కనపడేటట్లు నిదానంగా చెప్పాడు.

“సరే అమ్మీ. నువ్వు పోవద్దు. ఆ సద్దునే పొమ్మంటా.”

ఎలివేటరు సద్దు ఒక్కచోట పుట్టదు. డబ్బాలు గొట్టం రేకుకు తగులుతాయి, గింజలు ఇనుము మీద రాలుతాయి, బెల్టు అతుకు చక్రాన్ని చరుస్తుంది. వీటన్నిటినీ మించింది ఏమిటంటే, ఆ ఉక్కు చట్రాన్ని నేలకు బోల్టులతో బిగించి ఉంటారు. మిల్లు నేలంతా డప్పు తోలులాగా మోగుతుంది. అక్బర్ రేకులకు రబ్బరు తొడిగి చూశాడు, సగం కూడా తగ్గలేదు. దారి చూపింది ఎమ్మిగనూరులో మగ్గం. లేతు షాపు రోజుల్లో వాడు అన్నం తినే ఇంట్లో యశోద అనే ఆమె గుంట మగ్గం నేసేది. అటూ ఇటూ దారం లాక్కుపోయే నాడె పోయి పెట్టె చివర తగిలే చోట ఆమె తోలు ముక్కలు, పాత గుడ్డ పొరలు పొరలుగా కుట్టి పెట్టుకునేది. ఒకే మందం ముక్క పెడితే దెబ్బ దాటిపోతుందని, పొరకు పొరకు నడుమ సందు ఉంటేనే దెబ్బ అక్కడ చస్తుందని ఆమె చెప్పిందట. అక్బర్ ఎలివేటరు చట్రం బోల్టులు ఊడదీసి, లారీ టైర్ల రబ్బరు, తోలు, నడుమ సందులు, మళ్లీ రబ్బరు, అట్లా మెత్తలు కట్టి చట్రాన్ని వాటి మీద నిలబెట్టాడు. నేలకూ మిషన్‌కూ ఇనుము సంబంధం లేకుండా తెంచేశాడు. డబ్బాలు ప్లాస్టిక్‌వి వేయించాడు. బెల్టు అతుకు ఏటవాలుగా కుట్టించాడు. దసరా సెలవుల్లో కూడా మిల్లులోనే పడుకున్నాడు.

నడిపించిన రోజు నేనూ పోయాను. మాదన్న స్విచ్చి వేశాడు. ఏమీ కాలేదనుకున్నాం. పైన గింజలు రాలుతున్న గలగల మాత్రం వినపడింది. ఓనరు తన గదిలో నుంచి పరుగున వచ్చి, మిషన్ ఎందుకు ఆపారు అని కేకలు వేశాడు. అందరం నవ్వాం.

“నడుస్తాండాది సామీ,” అన్నాడు మాదన్న. “మీ మాటే గట్టిగా ఉండాది.”

ఓనరు గొట్టం మీద చెవి పెట్టి చూసి, అక్బర్‌ను కావలించుకున్నాడు. ఎదురు కుర్చీలో కూర్చోబెట్టింది ఆ రోజే. మున్నీ బీ గుంత దగ్గర నిలబడి మా నవ్వులు చూస్తోంది. అక్బర్ దగ్గరికి పోయి ఎట్లుందని అడిగాడు. బాగుంది నాయనా, బాగుంది, అన్నది.

నెల తిరిగిందో లేదో ఇంట్లో ఒక సంగతి జరిగింది. మున్నీ బీ పెరట్లో బట్టలు ఆరేస్తుంటే, వెనక గుమ్మంలో నుంచి హుస్నా “దాదీ” అని పిలిచింది. మున్నీ బీ వెనక్కి తిరిగింది. పిల్లకు అది మామూలే అనిపించింది, ఆడుకోవడానికి పోయింది. వంటింట్లో చూస్తున్న అఫ్సానా గరిటె పడేసి కూర్చుండిపోయింది. సాయంత్రం అక్బర్‌కు చెబితే వాడు నమ్మలేదు. అమ్మ వెనక నిలబడి తానూ పిలిచాడు. ఆమె తిరిగింది. ఆ రాత్రి వాడు నా ఇంటికి మిఠాయి పొట్లం తెచ్చాడు. రోజూ సద్దులో నలిగి అలిసిపోయిన చెవికి విశ్రాంతి దొరికిందేమో మామా, అన్నాడు. వాడి మొహంలో అంత వెలుగు నేను పెళ్లినాడు కూడా చూడలేదు.

వానలు పట్టాయి. గోనెగండ్ల నుంచి, మద్దికెర నుంచి తడిసిన గింజలు వచ్చాయి. తడి గింజలు అడుగున బిగుసుకుంటాయి. ఆ మధ్యాహ్నం గింజలు పైకి రావడం తగ్గింది. మాదన్న ఇంకా స్విచ్చి దగ్గరికి పోలేదు, పైన గొట్టం మూత తీసి చూస్తున్నాడు. ఎర్రగుడ్డ వాడి భుజం మీదే ఉంది. కింద మున్నీ బీ చిన్న తలుపు తీసి కుడి చెయ్యి లోపల పెట్టింది.

మిషన్ నడుస్తూనే ఉంది.

ఆమె అరిచింది. అంత చిన్న అరుపు కూడా మిల్లంతా వినపడింది. పాత ఎలివేటరయితే ఎవరికీ వినపడేది కాదు. అందుకే మాదన్న వెంటనే ఆపగలిగాడు, ప్రాణం దక్కింది. చెయ్యి దక్కలేదు. కర్నూలులో మోచేతి కిందికి తీసేశారు.

మాదన్న ఎర్రగుడ్డ ఊపకముందే ఆమె చెయ్యి ఎందుకు పెట్టిందో ఎవరికీ అర్థం కాలేదు. మాదన్న ఆసుపత్రి మెట్ల మీద తలబాదుకుంటూ, నేను ఊపలేదప్పా, నా బిడ్డల మీద ఆన, నేను ఊపలేదు అని వచ్చినవాళ్లందరికీ చెబుతున్నాడు. ఊపలేదని మాకూ తెలుసు.

మున్నీ బీకి తెలివి వచ్చిన మూడో నాడు, మంచం పక్కన అక్బర్, నేను ఉన్నాము. ఆమే మొదలుపెట్టింది.

“గుడ్డ నేనెప్పుడూ సూసేదాన్ని కాదు నాయనా.”

అక్బర్ వంగి, మరి ఎట్లా తెలిసేదని అడిగాడు.

“కాళ్లకు తెలిసేది. నడిస్తే నేల అదిరేది, ఆపితే నిలిసేది. మాదన్న గుడ్డ తీసే లోపలే నా కాళ్లకు తెలిసేది. ఆ మాట సెప్తే, దీనికి అంత కూడా ఇనపడదా అని తీసేస్తారని సెప్పలా. నువ్వు కొత్తది పెట్టినాక పైన గింజలు రాలేది సూసుకుంటా ఉంటి. ఆ పొద్దు గింజలు రాలా. నేల అదురు లేక సల్లగా ఉండాది. నిలిసిందనుకుంటి.”

అక్బర్ అలాగే వంగి ఉన్నాడు. ఆమె ఎడమ చెయ్యి వాడి తల మీద పెట్టింది.

“నీ మిషన్‌ది తప్పు గాదు. మంచి మిషన్.”

గొట్టం మీద అమ్మ చెయ్యి చూసి మీటరు చేసినవాడు వాడు. అదురుతో లోకాన్ని తెలుసుకునే మనిషి ఆమె అని ఊరందరికంటే ఎక్కువ తెలిసినవాడు వాడు. ఆమె కాళ్ల కింద నేల అదరకుండా తన చేతులతో తోలు పొరలు కుట్టినవాడూ వాడే. ఎవరూ వాణ్ని ఒక్క మాట అనలేదు. ఒకరు అన్నా బాగుండేది.

తర్వాత వాడు మిల్లుకు ఒక్కసారి పోయాడు. తలుపు తీస్తే మిషన్ తనంతట తాను ఆగిపోయేటట్లు తాళం అమర్చాడు, గుంత దగ్గర నడుస్తున్నంతసేపు వెలిగే ఎర్రలైటు పెట్టాడు. ఇకమీదట ఎవరు ఈ ఎలివేటరు చేసుకున్నా ఈ రెండూ లేకుండా చేయకూడదని చెప్పి, రాయచూరు వాళ్లకు, బళ్లారి వాళ్లకు కొలతలన్నీ ఊరికే ఇచ్చేశాడు. పనిముట్ల సంచి అక్కడే వదిలి వచ్చాడు. ఇప్పుడు బోరు మోటార్లు చుట్టే షాపులో కూలికి చేస్తున్నాడు. ఎమ్మిగనూరులో వాడికి సన్మానం పెట్టారు. వాడు పోలేదు. వాడి బదులు నేను పోయి శాలువ కప్పించుకుని వచ్చాను. ఇంట్లో ఇవ్వబోతే అఫ్సానా, ఆయన చూడకముందే తీసుకుపో మామా, అన్నది.

మొన్న ఎండాకాలం మున్నీ బీని మళ్లీ చెవుల డాక్టరుకు చూపించారు. నేనూ తోడు పోయాను. డాక్టరు పాత కాగితాలు, కొత్త కాగితాలు పక్కపక్కన పెట్టి చూశాడు. కుడి చెవి చెడిపోలేదు, కొంచెం మెరుగ్గానే ఉంది, ఇట్లాంటివాళ్లలో ఇది చాలా గొప్ప, ఎవరో సమయానికి సద్దు నుంచి తప్పించారు అన్నాడు. అక్బర్ ఆ కాగితం వైపు చూడలేదు. బస్సులో దారి పొడుగునా కిటికీలో నుంచి చూస్తూ కూర్చున్నాడు.

అంతకు ముందే మున్నీ బీ నాకొక మాట చెప్పి ఉంది. రోజూ పని నుంచి రాగానే అక్బర్ స్నానాల గదిలోకి పోయి, కుళాయి బకెట్‌లోకి వదిలి, ఆ సద్దు మాటున ఏడుస్తాడట. ఇంట్లో ఎవరికీ వినపడదనుకుంటాడట. నా మంచం ఆ గోడకే ఉంది రంగన్నా, కుడి చెవి అటే ఉంటాది, అన్నది.

బస్సు దిగి ఇంటికి చేరాం. అఫ్సానా టీ ఇచ్చింది. అక్బర్ అమ్మ ముందు నేల మీద కూర్చున్నాడు. ఇన్నాళ్లలో వాడు ఆ సంగతి నోటితో అడగడం అదే మొదటిసారి.

“అమ్మీ, నిజంగా ఇనపడతాందా?”

ఆమె నా వైపు ఒకసారి చూసింది. లేదంటే వాడు చేసిందంతా మట్టి, అవునంటే కుళాయి మాటు పోతుంది. ఆమె ఎడమ చేత్తో వాడి గడ్డం పట్టుకుంది.

“ఇనపడతాంది నాయనా. అంతా ఇనపడతాంది.”

అక్బర్ ఆమె మొహం చూశాడు, తర్వాత స్నానాల గది గోడ వైపు చూశాడు.

ఆ రోజు నుంచి కుళాయి సద్దు రావడం లేదట. వాడు పని అయ్యాక నేరుగా ఇంటికి రాడు, చీకటి పడ్డాక వస్తాడు, నవ్వుతూ వస్తాడు. వాడు ఇప్పుడు ఎక్కడికి పోయి ఏడుస్తున్నాడో ఆమెకు తెలియదు. నేను పోయినప్పుడల్లా, నీకేమన్నా తెలుసునా రంగన్నా, అని అడుగుతుంది.